ఫోన్‌లో ఆరు యాప్‌లున్నా ఆర్డరు మర్చిపోయాను... మీరు రోజును ఎలా నడుపుతున్నారు?

గోంగూర ఇల్లు (నెల్లూరు)
సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మాది వేదాయపాళెం. మూడేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాను. గోంగూర, పండుమిరప, రొయ్యల పచ్చడి, కరివేపాకు పొడి ఎక్కువగా పోతాయి. సాయానికి పక్క వీధి నుంచి ఒకామె రోజూ కాసేపు వస్తుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే.

మొన్న శనివారం జరిగింది చెబుతాను. ఒకరింట్లో సీమంతానికి ఐదు కిలోల గోంగూర, రెండు కిలోల పండుమిరప కావాలని పది రోజుల ముందే చెప్పారు. అడ్వాన్సు కూడా పంపారు. నేను ‘సరేనండీ’ అని పెట్టి, ఫోన్‌లో పనుల జాబితాలో రాసుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నానికే ఆ జాబితా కింద ఇంకో పద్నాలుగు పనులు చేరాయి. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆవిడ ఫోన్ చేసి “అమ్మా, మనిషిని పంపిస్తున్నా, కట్టి ఉంచు” అనగానే నా చేతులు చల్లబడిపోయాయి. ఇంట్లో ఉన్న గోంగూర కిలోన్నర. డబ్బు వెంటనే తిరిగి పంపాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా మింగుడు పడటం లేదు.

నా ఫోన్‌లో గూగుల్ కీప్ ఉంది, నోషన్ ఉంది, క్యాలెండర్ ఉంది, అప్పులు రాసుకునే ఖాతా యాప్ ఉంది, నీళ్లు తాగమని గుర్తుచేసేది ఒకటి, అలవాట్లు లెక్కపెట్టేది ఒకటి. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఐదున్నరకు లేస్తున్నాను. వాకింగ్ ఈ ఏడాది ఐదుసార్లు మొదలుపెట్టాను, ఏదీ వారం దాటలేదు. పాలవాడికీ, మిరపకాయల షాపుకీ, పిల్లల ట్యూషన్‌కీ ఒకే ఖాతా నుంచి ఫోన్‌పే కొడుతున్నాను. నెలాఖరుకు మిగిలింది వ్యాపారం డబ్బో ఇంటి డబ్బో నాకే తెలియదు.

పోయిన రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి వ్యాపార రొట్టె పట్టుకున్నాను. కోరిక తీరితే వచ్చే మొహర్రానికి నేను రొట్టె వదలాలి. తీరిందని దేన్ని చూసి అనుకోవాలో కూడా తెలియని స్థితిలో ఉన్నాను. మీలో సొంతంగా పని నడుపుకునేవాళ్లు రోజును ఎలా పట్టుకుంటున్నారో చెప్పండి.

---

కావలి ల్యాప్‌టాప్
మంగళవారం, ఉదయం 8:10

అక్కా, నేను కావలిలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. యాప్‌లు తప్పు కాదు, ఆరు ఉండటమే కష్టం. ఆర్డర్ వచ్చేది వాట్సాప్‌లో అయితే దాన్ని ఇంకోచోట మళ్లీ రాయకండి. వాట్సాప్ బిజినెస్‌కి మారండి, ఉచితమే. అందులో ప్రతి చాట్‌కి లేబుల్ పెట్టొచ్చు. ‘ఆర్డర్ వచ్చింది’, ‘అడ్వాన్స్ అందింది’, ‘చేయాలి’, ‘పంపేశాం’ అని నాలుగు చాలు. ధరలు, ఫొటోలు కేటలాగ్‌లో పెడితే “కిలో ఎంతండీ” అనే ప్రశ్నకు రోజూ ముప్పైసార్లు జవాబివ్వాల్సిన పని తప్పుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చే మెసేజ్‌లకు దానంతటదే జవాబు వెళ్లేలా కూడా పెట్టుకోవచ్చు.

పని మీద కూర్చోవడానికి నాకు పొమొడోరో పద్ధతి బాగా పనికొచ్చింది. 1980ల చివర్లో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారం టైమర్‌ని తిప్పి పెట్టుకుని చదివాడు. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విరామం. నాలుగు విడతలయ్యాక కాస్త ఎక్కువసేపు విశ్రాంతి. లేబుళ్లు అంటించడం, లెక్కలు చూసుకోవడం లాంటి వాటికి వాడి చూడండి.

---

విడవలూరు చెరువు
మంగళవారం, మధ్యాహ్నం 2:35

అమ్మా, నాది ఆరెకరాల రొయ్యల గుంట, వనామీ రకం రొయ్య. నీ పచ్చళ్ల సంగతి నాకు తెలియదు గానీ, రాసుకోకపోతే ఏమవుతుందో తెలుసు.

నాలుగేళ్ల క్రితం మేత లెక్క రాత్రి ఇంటికొచ్చి రాసేవాణ్ణి. పొద్దుటి నుంచి నాలుగు పూటలు వేసిన మేత, రొయ్య ఎంత తిన్నదో చూసే చెక్ ట్రేలో మిగిలింది, నీటి రంగు, అన్నీ జ్ఞాపకం మీదే. ఒక వారం పెళ్లిళ్లు వచ్చాయి. మూడు రోజుల లెక్క కలిపి రాశాను. ట్రేలో మేత మిగులుతోందని కుర్రాడు చెప్పాడు. చెప్పినట్టు గుర్తుంది, రాసినట్టు లేదు. మేత తగ్గించలేదు. తిననిది అడుక్కి చేరి కుళ్లింది.

చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పగలు ఎండకి నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రంతా ఆ నాచు, రొయ్య, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్నే వాడేస్తాయి. నాలుగో రోజు తెల్లారగట్ల నాలుగింటికి టార్చి వేసి చూస్తే గట్టు వెంబడి రొయ్య పైకి తేలి ఉంది. మూతులు నీటి అంచుకి ఆనించి, వరుసగా. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేశాను. బతికినంత బతికింది. మిగిలిన సరుకు 90 కౌంట్‌లోనే, అంటే కిలోకి 90 రొయ్యలు తూగేటప్పుడే, పట్టేశాను. అది 50 దాకా పోవాల్సిన చెరువు.

ఇప్పుడు నా పుస్తకం ఇంట్లో ఉండదు. ఏరియేటర్ల ప్యానెల్ బోర్డు పక్కన మేకుకి పురికొసతో కట్టేశాను. పెన్ను కాదు, పెన్సిలు. తడి చేత్తో పట్టుకుంటే పెన్ను కాగితం మీద రాయదు, సిరా పాకుతుంది. మేత వేసి వచ్చినవాడు స్విచ్చి దగ్గరికి రాకుండా ఉండలేడు. స్విచ్చి దగ్గరికొస్తే పుస్తకం కళ్లబడుతుంది. గీత గీసి పోతాడు. అంతే. నాలుగేళ్లలో ఒక పూట కూడా తప్పలేదని చెప్పను, తప్పిన పూటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నీ ఆర్డరు ఫోన్‌లో ఉంది, నువ్వు పొయ్యి దగ్గరున్నావు. రెండూ ఒకచోట లేవు తల్లీ.

---

కొండపి బ్యారన్
మంగళవారం, సాయంత్రం 6:20

విడవలూరు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పొగాకుని బ్యారన్‌లో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ వేడి చూస్తూనే ఉండాలి. ఆకు పండేదాకా 100 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూ, ఆకు ఆరేటప్పుడు పెంచుకుంటూ పోవాలి, చివర్లో ఈనె ఆరడానికి 160 దాకా. ఆకు పసుపుకి తిరగకముందే తొందరపడి వేడి పెంచితే పచ్చగానే ఎండిపోతుంది. వేలంలో ఆ బేలుకి రేటు రాదు.

మా నాన్న ఈ లెక్క బ్యారన్ తలుపు మీద సుద్దముక్కతో రాసేవాడు. టైము, డిగ్రీ, అంతే. నేనూ అదే చేస్తున్నాను. రాత్రి రెండింటికి నిద్ర కళ్లతో వచ్చినవాడు కాగితం వెతకడు. తలుపు మాత్రం తీయాల్సిందే.

---

మార్కాపురం పలక
మంగళవారం, రాత్రి 8:45

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. అమ్మా, నీ వాకింగ్ గురించి ఒక్క విషయం.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటారు. ఆ మాటకు మూలం అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ తర్వాత రోగులకు తమ కొత్త ముఖం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. జనం ‘కనీసం’ అన్నది వదిలేసి, ముఖం సంగతీ వదిలేసి, అంకె ఒక్కటి పట్టుకున్నారు.

తర్వాత లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక్కొక్కరూ తమకు నచ్చిన చిన్న పనిని రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టుకుని చేశారు, ఫలహారం తర్వాత అన్నట్టు. అది ఆలోచించకుండా చేసే పనిగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులైతే, కొందరికి 254 పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్దగా నష్టం జరగలేదని కూడా వాళ్లు చూశారు.

వారానికే ఆగిపోయిందని నువ్వు బాధపడుతున్నావు. వారానికి అలవాటు కాకపోవడంలో నీ లోపం ఏమీ లేదు. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేటప్పుడు చెప్పులు ఎలాగూ కాళ్లకే ఉంటాయి. ఇంట్లోకి రాకముందే నడిచి రా. ఇరవై నిమిషాలు చాలు.

ఇంకొక మాట. మా ఊరు పలకలకు పేరు. ఇక్కడి రాతి పలకల మీద ఎన్నో ఊళ్ల పిల్లలు అ ఆలు దిద్దారు. పొయ్యి ఎదురుగా ఒక పలక మేకుకి తగిలించు. తేదీ, పేరు, ఎన్ని కిలోలు. సరుకు గడప దాటాకే తుడవాలి.

---

ఉదయగిరి గరిటె
మంగళవారం, రాత్రి 10:30

అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ ఒకటి అడుగుతాను. విడవలూరు అన్న చెరువు దగ్గరికి పోతే ఆయన్ని చెరువు దగ్గరున్నాడనే అంటారు. కొండపి తమ్ముడు బ్యారన్ దగ్గరుంటే ఎవరూ పిలిచి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగరు. ఆమె పొయ్యి ముందు నిలబడితే అది వ్యాపారమా, ఇంటి వంటా అన్నది ఇంట్లోవాళ్లకే తెలియదు.

నేను కొయ్య గరిటెలు, చెంచాలు చేస్తాను. నర్ది, బిక్కి లాంటి మా కొండల కొయ్యతో చేసే పని మా ఇంట్లో తరతరాలుగా ఉంది. చెంచా తొలిచేటప్పుడు ఉలి ఒక్క క్షణం పక్కకి జారితే గిన్నె భాగం చీలిపోతుంది. పొద్దుటి నుంచి చేసిన ముక్క అక్కడితో పోయినట్టే. పెళ్లయిన కొత్తలో రోజుకి రెండు మూడు పోయేవి. చేయి రాక కాదు. ఎవరో ఒకరు పిలిచేవారు, తల తిప్పేదాన్ని.

ఒకరోజు చీలిన చెంచాలన్నీ ఒక గుడ్డలో మూటగట్టి అత్తమ్మ ముందు పెట్టాను. “ఇవి ఈ నెలవి అత్తమ్మా” అన్నాను. ఆమె ఒక్కొక్కటీ తీసి చూసింది. తను కూడా ఆ పని చేసినామే. మర్నాటి నుంచి పది గంటల నుంచి పన్నెండున్నర దాకా నన్ను ఎవరూ పిలవకుండా ఆమే వాకిట్లో కూర్చుంది. ఎవరైనా వస్తే “పనిలో ఉంది, తర్వాత రా” అనేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ మా వీధిలో ఆ టైములో నన్ను ఎవరూ పిలవరు.

టైమర్లు మంచివే తమ్ముడూ. కానీ 25 నిమిషాలు ఆమెను పిలవకుండా ఉండేది ఎవరు? అది ముందు ఇంట్లో మాట్లాడుకోవాలి. చెల్లీ, మీ ఆయన ఇది చదువుతారా?

---

కావలి ల్యాప్‌టాప్
మంగళవారం, రాత్రి 10:58

అక్కా, మీరు చెప్పింది నేను ఆలోచించలేదు. నేను తలుపు వేసుకుంటే మా అమ్మ టీ కూడా తలుపు బయటే పెట్టి వెళ్తుంది. అది నా క్రమశిక్షణ అనుకుంటూ వచ్చాను.

---

ఒంగోలు పద్దులు
బుధవారం, ఉదయం 7:15

నేను ఒంగోలులో ఇరవై ఏళ్లుగా చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తున్నాను. అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మర్చిపోయిన ఆర్డరు కాదు. పాలవాడికీ మిరపకాయలకీ ఒకే ఖాతా అన్నారు చూడండి, అది.

రేపే బ్యాంకుకి వెళ్లి వ్యాపారానికి విడిగా ఒక ఖాతా తెరవండి. క్యూఆర్ కోడ్ దానికే పెట్టండి. కొనుగోళ్లు దాన్లోంచే. ఇంటికి కావాల్సింది నెలకొకసారి, మీ జీతం అని రాసి, ఇంటి ఖాతాకి పంపండి. మధ్యలో ఇంటికి తీయాల్సి వస్తే తీయండి, కానీ ‘సొంత వాడకం’ అని రాయండి. యాప్ ఏదైనా ఫరవాలేదు, ఈ గోడ లేకపోతే అది చూపించే అంకెకి అర్థం ఉండదు.

పాత షావుకార్లు రెండు పుస్తకాలు పెట్టేవారు. చిట్టా, ఆవర్జా. ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో. తీరిగ్గా కూర్చున్నప్పుడు పేర్ల వారీగా ఆవర్జాలోకి. చిట్టా రాయకుండా కొట్టు తలుపు మూసేవారు కాదు. మీరు ఇప్పుడు సరాసరి ఆవర్జా రాయాలని చూస్తున్నారు, ఖాతా యాప్ అదే కదా. చిట్టా లేదు. ఒక నెల పాటు రోజూ ఒక పేజీ: ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది, కింద నిలవ. చేతిలో ఉన్న నగదు, బ్యాంకులో ఉన్నది కలిపితే ఆ నిలవకి సరిపోవాలి. పది రూపాయలు తేడా వచ్చినా ఆ రాత్రే వెతకండి, మర్నాటికి దొరకదు.

ఇక ధర. కిలో ఎంతకు అమ్ముతున్నారు, ఎంత పడుతోందనుకుంటున్నారు? ఒక్క వాయి లెక్క ఇక్కడ రాయండి. మీ సొంత గంటలు కూడా రాయండి, సహాయకురాలికి ఇచ్చే రేటుకే.

వేరే రాష్ట్రాలకు పంపుతున్నారా? సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకి. పన్ను పడే సరుకు చెన్నైకో బెంగళూరుకో అమ్మితే ఆ పరిమితి వర్తించదు, రిజిస్ట్రేషన్ ఉండాలి. తడ దాటితే తమిళనాడు కదా, నెల్లూరు వాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు ఇంట్లో చేసి అమ్మినా తప్పనిసరి. అది ఉందనే అనుకుంటున్నాను.

---

గోంగూర ఇల్లు (నెల్లూరు)
బుధవారం, రాత్రి 9:40

ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉందండీ. చెన్నైకి పంపుతున్నాను, జీఎస్టీ లేదు. రేపు దాని పని చూస్తాను. అప్పటిదాకా బయటి రాష్ట్రం ఆర్డర్లు ఆపేశాను.

వాయి లెక్క ఇదిగో. గోంగూర ఒక వాయికి 8 కిలోల పచ్చడి వస్తుంది. ఆకు, నూనె, మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, పోపు అన్నీ కలిపి 1,900. గ్యాస్ 120. సీసాలు, మూతలు, లేబుళ్లు 350. సాయానికి వచ్చేవారు మూడు గంటలు, గంటకి 60 చొప్పున 180. నావి ఏడు గంటలు. ఆకు గిల్లడం, కడగడం, నీడన ఆరబెట్టడం, వేయించడం, నూరడం, పోపు. అదే రేటుకి 420. మొత్తం 2,970. కిలోకి 371 రూపాయల పావలా.

నేను అమ్ముతున్నది 380.

సరుకుల ఖర్చు ఒక్కటే చూసుకుని కిలోకి 237 పడుతోంది, 140కి పైగా మిగులుతోందని మూడేళ్లుగా అనుకుంటున్నాను. మిగిలేది ఎనిమిది రూపాయల ముప్పావు. కొరియర్‌లో కొంత నేనే భరిస్తున్నాను, అది ఇందులో లేదు.

కాగితం మీద ఇది రాశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. మావారికి చూపించాను. ఉదయగిరి అక్క రాసింది కూడా ఆయన చదివారు. ఏమీ అనలేదు గానీ, గిన్నెలు ఆయనే కడిగారు.

---

ఒంగోలు పద్దులు
బుధవారం, రాత్రి 10:05

బాధపడకండి. మీ ఏడు గంటలకి 420 వస్తోంది కాబట్టి ఇది నష్టం కాదు, కూలి. వ్యాపారానికంటూ మిగలడం లేదు, అంతే. ఇది సరిచేసుకోగలిగిన లెక్క.

కొరియర్ సంగతి అడుగుతాను. మీ అట్టపెట్టె కొలతలు ఎంత? చాలా కొరియర్ల వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. ఆ వచ్చిన కిలోలూ, అసలు తూకమూ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కడతారు మీరు.

---

గోంగూర ఇల్లు (నెల్లూరు)
బుధవారం, రాత్రి 10:31

ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. 30, 25, 20. అంటే మూడు కిలోలు. నేను పంపే పెట్టె తూకం 1,800 గ్రాములు. మిగతాదంతా పాత పేపర్లు కూరుతున్నాను.

25, 20, 16 పెట్టెలో సీసాలు పడతాయి, పెట్టి చూశాను. లెక్క ప్రకారం 1.6 వస్తోంది కాబట్టి అసలు తూకమే లెక్కకొస్తుంది. రెండు కిలోల చార్జీ సరిపోతుంది.

---

చీమకుర్తి పాలిష్
గురువారం, మధ్యాహ్నం 1:15

నాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, చిన్నది. అమ్మా, మీరు షాపులకు కూడా వేస్తున్నారా? వేస్తే బాకీలు ఎలా ఉన్నాయి?

అడగడానికి కారణం ఉంది. నా దగ్గర పనికి లోటు ఎప్పుడూ లేదు. గెలాక్సీ గ్రానైట్ పలకలు పాలిష్ చేసి పంపుతూనే ఉన్నాను. డబ్బు మాత్రం ఐదు నెలలకి, ఆరు నెలలకి. కరెంటు బిల్లు ఆగదు, కూలీ ఆగదు. రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూసుకుంటూ పడుకునేవాణ్ణి. నిద్ర కోసం ఏవేవో యాప్‌లు పెట్టుకున్నాను. నిద్ర చెడగొడుతున్నది బాకీలని చాలా ఆలస్యంగా అర్థమైంది.

చిన్న పరిశ్రమలకి ఉండే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. సర్కారు పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం తయారీ చేసే సూక్ష్మ, చిన్న యూనిట్లకి కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. కొని అమ్మే వర్తకులకి ఈ రక్షణ లేదు, మీరు తయారుచేస్తారు కాబట్టి మీకు ఉంటుంది.

నేను ఎవరి మీదా ఫిర్యాదు దాకా పోలేదు. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ అచ్చు వేయించాను. ప్రతి సోమవారం మిషన్ ఆన్ చేసి బ్లేడుకి నీళ్లు వదిలాక, మొదటి అరగంట బాకీల ఫోన్లు. గొడవ పడను. “అన్నా, గడువు పదో తేదీ, గుర్తు చేద్దామని చేశా” అంటాను. వంద శాతం రాలేదు. ఐదు నెలలది రెండు నెలలకి వచ్చింది.

---

గోంగూర ఇల్లు (నెల్లూరు)
గురువారం, రాత్రి 9:20

రెండు షాపులకి వేస్తున్నానండీ. ఒకరి దగ్గర 11,400 నిలిచిపోయి ఉంది, సంక్రాంతి నుంచి. అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాను. సోమవారం చేస్తాను.

సీమంతం ఇంటావిడ దగ్గరికి ఈ సాయంత్రం వెళ్లొచ్చాను. ఫోన్‌లో కాదు, మనిషిగా వెళ్లి క్షమించమని అడగాలనిపించింది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆ రోజు బజారు నుంచి తెప్పించారట. “రాసుకునే పుస్తకం పెట్టుకో అమ్మాయ్” అన్నారు. మీరందరూ అన్నదే.

---

విడవలూరు చెరువు
శుక్రవారం, తెల్లవారుజామున 4:25

మంచి పని చేశావు తల్లీ.

కావలి అబ్బాయీ, నాకొక సాయం. పెన్సిల్ లెక్కల్ని నెలకోసారి మా అబ్బాయి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. మేత ఎంత వేస్తే ఎంత రొయ్య వచ్చిందో, ఆ ఎఫ్‌సీఆర్ ఒక్కో చెరువుకీ పక్కపక్కన కనపడేలా ఎలా పెట్టాలి? వాడు హైదరాబాద్ వెళ్లిపోతున్నాడు, ఇక నేనే చేసుకోవాలి. టైపింగ్ రాదు నాకు.

---

కావలి ల్యాప్‌టాప్
శుక్రవారం, ఉదయం 8:50

అంకుల్, టైపింగ్ అక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ కీబోర్డుకి తెలుగు పెట్టి మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. అంకెలు కూడా పడతాయి. గూగుల్ షీట్స్‌లో ఒక్కో చెరువుకి ఒక వరుస పెట్టి ఇస్తాను. వేసిన మేతని పట్టిన రొయ్య బరువుతో భాగించే సూత్రం ముందే రాసి ఉంచుతాను. మీరు రెండు అంకెలు చెబితే చాలు. నెల్లూరు అక్కకి కూడా వాయి లెక్కకి అలాంటిదే ఒకటి చేసి పెడతాను. కానీ అక్కా, పద్దులు సార్ చెప్పినట్టు ఒక నెల కాగితం మీద రాశాకే వాడండి.

---

గోంగూర ఇల్లు (నెల్లూరు)
నాలుగు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:10

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, జరిగినవి జరిగినట్టు రాస్తాను.

పలక తగిలించాను. పొయ్యికి ఎదురుగా, పోపుల డబ్బా అరకి పైన. నూనె చేత్తో ముట్టుకుంటే సుద్ద పట్టడం లేదని పక్కన తడిగుడ్డ కూడా వేలాడదీశాను. ఈ నాలుగు వారాల్లో ఒక్క ఆర్డరూ తప్పలేదు. ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్, క్యాలెండర్ ఉంచి మిగతావి తీసేశాను.

చిట్టా 28 రోజుల్లో 22 రోజులు రాశాను. పొయ్యి ఆపి, గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేశాక రాస్తున్నాను. వాల్వు ఎలాగూ ప్రతి రాత్రీ కట్టేస్తాను కాబట్టి అక్కడే గట్టు మీద పుస్తకం పెట్టాను. తప్పిన ఆరు రోజుల్లో నాలుగు పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు. ఒకరోజు 240 రూపాయలు తేడా వచ్చింది. వెతికితే కొత్తిమీర, ఆటో, ఇంకా మూడు చిన్న ఖర్చులు.

గోంగూర 440 చేశాను. పాతవాళ్లు ముగ్గురు మానేశారు. అందులో ఒకరు మొదటి రోజు నుంచి ఉన్నవాళ్లు, అది బాధగా ఉంది. మిగతావాళ్లు ఏమీ అనలేదు. జీఎస్టీ నంబరు వచ్చింది. షాపు బాకీ 11,400లో 6,000 వచ్చింది, రెండో సోమవారం ఫోన్‌కి.

నా జీతం అని రాసి మొదటిసారి ఇంటి ఖాతాకి 6,500 పంపాను. బ్యాంకు మెసేజ్ మావారి ఫోన్‌కి వెళ్లింది. ఆయన దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మకి పంపారట, అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

వాకింగ్ స్కూల్ దగ్గర నుంచి చేస్తున్నాను మాస్టారూ. వానపడ్డ రోజులు తప్ప. నిద్ర ఇంకా దారికి రాలేదు, పన్నెండవుతోంది.

రొట్టె గురించి పద్దులు సార్‌కి విడిగా మెసేజ్ పెట్టి అడిగాను. ఎప్పుడు తీరినట్టు అని. వరుసగా ఎన్ని నెలలు మీ జీతం మీరు తీసుకోగలిగితే ధైర్యంగా ఉంటుందో మీరే అంకె అనుకోండి అన్నారు. మూడు అనుకున్నాను. ఒకటి అయింది.

---

ఉదయగిరి గరిటె
ఆదివారం, రాత్రి 8:02

చాలా సంతోషంగా ఉంది చెల్లీ. అన్నీ రాశావు గానీ నేను అడిగింది రాయలేదు. పిలవకుండా ఉండే టైము దొరికిందా? నిద్ర పన్నెండవుతోందంటే రాత్రి వంట ఎవరు చేస్తున్నారు?

---

గోంగూర ఇల్లు (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 9:48

పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా ఫోన్ ముందు గదిలో అలమర మీద పెడుతున్నాను అక్కా. మా అత్తయ్య ఎత్తి “పన్నెండు తర్వాత చేస్తుంది” అని చెబుతున్నారు. మొదటి వారం ఆవిడకి నచ్చలేదు. ఇప్పుడు ఆర్డరు ఆవిడే విని, పలక మీద రాయడానికి నన్ను పిలవకుండా, తనే రాస్తున్నారు. ‘గోంగూర’ని ‘గొంగుర’ అని రాస్తారు. నేను దిద్దడం లేదు.

రాత్రి వంట బుధ, శుక్రవారాలు మావారు చేస్తున్నారు. మిగతా రోజుల గురించి ఇంకా మాట్లాడుకుంటున్నాం.